కదలని మనిషి

"ఆదివారం ప్రార్థనకి మంత్రిగారు ఎల్డన్‌బరీ కెథడ్రల్‌కి వస్తున్నారు. ఆయన్ని అక్కడే లేపేయాలని ఓ విదేశీ ముఠా చూస్తోంది," అన్నాడు కర్నల్ పెల్లీ. "నువ్వు పాత చర్చిల ఫోటోలు తీసే పిచ్చివాడి వేషంలో వెళ్లాలి."

"ఈ ఉద్యోగంలో పిచ్చివాడి వేషం విడిగా వెయ్యాలా సార్?" అన్నాడు ఏజెంట్ గిల్బర్ట్ థార్న్.

"వేళాకోళాలొద్దు. ముఠాలో మన మనిషి లియోనీ ఉంది. డోవర్ రేవులో వాళ్ల ఓడ మీద నిఘా వేసి ఉంది."

ఈ మిషన్ ముగిశాక లియోనీని పెళ్లాడాలని థార్న్ అనుకుంటున్నాడు. గూఢచారికి ఉండకూడని బలహీనత. ఉంది, ఏం చేస్తాం!

ఆదివారం ఉదయం అతను చర్చి మధ్యలో కెమెరా నిలిపి, లెన్స్ మూత తీశాడు. చుట్టూ పనివాళ్లు బెంచీలు సర్దుతున్నారు.

"వీళ్లంతా బొమ్మలో పడరూ?" అన్నాడు చర్చి పెద్ద డీన్ హాల్‌గార్త్, చిరాగ్గా.

"తిరిగేవాళ్లు పడరండీ. చాలాసేపు కదలకుండా ఉన్నదే పడుతుంది."

చాలాసేపయ్యాక మూత పెట్టి, కెమెరాలోని ఫోటో కాగితం తీసుకుని పక్కనున్న చీకటిగదిలోకి వెళ్లాడు. మందు నీళ్లలో బొమ్మ మెల్లగా తేలింది, తెలుపు నలుపై, నలుపు తెలుపై. స్తంభాలు వచ్చాయి. పనివాళ్లలో ఒక్కడూ లేడు. కానీ ఓ బిషప్ సమాధి పక్కన, స్తంభం చాటున, ఒక స్త్రీ ఉంది. మొహానికి ముసుగు. ఆ మెడ వంపు మాత్రం అతనికి బాగా తెలుసు.

బయట చర్చిలో ఆర్గన్ వాయిద్యం మొదలైంది. మంత్రిగారు లోపలికి వచ్చేశారు.

థార్న్ నీళ్ల పళ్లెం పట్టుకునే పరుగెత్తాడు. సమాధి కింది కటకటాల్లోంచి సన్నగా పొగ. లోపల మందుగుండు పీపా. వత్తి బెత్తెడు మిగిలింది. పళ్లెం మొత్తం కుమ్మరించాడు. చుయ్‌మని ఆరిపోయింది.

లియోనీ పారిపోలేదు.

"కదలకుండా నిలబడితే ఎవరి కంటా పడవని నువ్వే కదా నేర్పావు?"

"మనుషుల కంట పడవన్నాను. ఎందుకు చేశావ్ లియోనీ?"

"మీ మంత్రి మా రేవు మీద ఫిరంగులు పేల్చిన రోజు మా తమ్ముడు చర్చిలోనే దాక్కున్నాడు. కూలిన ఆ చర్చి ఫోటో ఎవరూ తియ్యలేదు గిల్బర్ట్."

థార్న్ సంకెళ్లు తీసి ఆమె చేతులకి వేశాడు.

ఆమెని చప్పుడు లేకుండా ఉరి తీశారు. "అలాంటి మనిషే లేదు. ఆ బొమ్మలో కూడా ఉండకూడదు," అన్నాడు కర్నల్. థార్న్ తన చేత్తోనే కుంచె పట్టి, ఆ కాగితం మీద ఆమె ఉన్నచోట సిరా పూశాడు; అచ్చు తీస్తే అక్కడ తెల్లటి రాయే కనిపిస్తుంది. పని శుభ్రంగా వచ్చింది.

లండన్ ఎగ్జిబిషన్‌లో ఆ ఫోటోకి పతకం ఇచ్చారు. డీన్‌గారు వచ్చి భుజం తట్టారు.

"ఎంత ప్రశాంతంగా ఉందయ్యా! ఒక్క మనిషి కూడా అడ్డం రాలేదు. అదృష్టవంతుడివి."

"అవునండీ," అన్నాడు థార్న్. "అందరూ అదే అంటున్నారు."