లెక్కలో లేని పంతొమ్మిది మంది

నానిన పొట్టు మినప్పప్పు మూడోసారి కడుగుతోంది శాంభవి. రేపు శనివారం, నాన్నకి ఒంటిపూట. రాత్రికి ఇడ్లీ.

శ్రీచరణ్ బెజవాడ నుంచి ఉయ్యూరు దాకా చినుకుల్లో బండి మీద వచ్చి, వసారాలో స్టూలు మీద కూర్చుని పావుగంటయింది. అన్నం మానేస్తే షుగరు తగ్గుతుందా అని వాళ్ళ ఆసుపత్రి ఈ ఊళ్ళోనే ఆరు నెలలు ట్రయల్ చేసింది. రిపోర్టు రాసింది అతనే.

"చదివావా?"

"చదివాను డాక్టర్ గారూ."

రెండేళ్ళ ప్రేమలో ఆమె అలా పిలవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ వారమేసి రోజులు మాట్లాడలేదు.

"డైట్ ట్రయల్స్ సరిగ్గా చేశారా, ఉన్నదున్నట్టు రాశారా అని మార్కులేయడమేగా నీ ఉద్యోగం. మాకెన్ని?"

"నీ పేరు చూడగానే వేరేవాళ్ళకి ఇచ్చేశా. నేను వేస్తే బాగోదు. ఎంతమంది చేరారు?"

"నలభై ఒక్కరు."

"అరవై."

పొట్టు నీళ్ళు పెరట్లోకి విసిరికొట్టింది.

"మధ్యలో మానేసినవాళ్ళని కూడా రాస్తారా శాంభవీ?"

"రాయాలి. ఎందుకు మానేశారో కూడా రాయాలి. మీ ట్రయల్లో చేరిన నాలుగోవారం నాన్న బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయారు. గ్లూకోజ్ ఎక్కించింది నువ్వే. మరి రిపోర్టులో ఏముంది? ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదని."

అతను తల దించుకున్నాడు. జుట్టు లోంచి నీళ్ళు కాగితాల మీద పడుతున్నాయి. తుడవమని తువ్వాలు ఇవ్వాలనిపించింది ఆమెకి. ఇవ్వలేదు.

"చివరిదాకా ఉన్నవాళ్ళతోనే రాయమన్నారు మా పెద్ద డాక్టరుగారు. జర్నల్లో పేపరు రాకపోతే ఉద్యోగం పర్మినెంట్ కాదు. అదీ లేకుండా మీ నాన్నగారి ముందుకి ఏ మొహంతో రాను?"

"అంటే, ఆయన పేరు కొట్టేసి, ఆయన్నే పిల్లనిమ్మని అడుగుతావన్నమాట."

కాఫీ పట్టుకొచ్చిన ఆమె తల్లి ఇందిరాదేవి గుమ్మంలోనే ఆగింది.

"ఆ ఉన్నవాళ్ళ సంగతి మాత్రం ఏం చెప్పను బాబూ. అన్నం మానేశారా అని మీ నర్సమ్మ వారంవారం అడిగేది. మానేశామనేవాళ్ళు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఉప్మా, రాత్రి అట్లు. శనివారాలు చేసినట్టే. మా వీధిలో ఆర్నెల్లూ శనివారాలే."

శాంభవికి నవ్వొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"మా అమ్మ చెప్పింది విన్నావుగా. నిజంగా అన్నం మానేసింది నాన్న ఒక్కరే. షుగరు మాత్రలు మింగుతూ, ఇడ్లీ ముక్క కూడా ముట్టలేదు. ఎందుకో తెలుసా? ఆ అబ్బాయి చెప్పాడుగా అన్నారు."

గదిలో తండ్రి వెంకటేశ్వరరావు పడక్కుర్చీ కిర్రుమంది.

శ్రీచరణ్ ఆ గదివైపు చూశాడు. తర్వాత రిపోర్టు వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీశాడు. ఒకటి అని వేసి, ఆయన పేరు రాశాడు. రెండు అని వేసి ఆగాడు.

"పంచదార ఫ్యాక్టరీ వెనక సందులో పోలేరమ్మగారిల్లు," అంది శాంభవి, గిన్నెలోంచి తలెత్తకుండానే. "ఆవిడకి మిగతావాళ్ళందరూ తెలుసు. అన్ని ఇళ్ళూ తిరిగి, అన్నీ రాసుకొస్తే, లోపలికెళ్ళి నాన్నతో నువ్వే మాట్లాడు. ఉద్యోగం ఉన్నా, లేకపోయినా."

అతను కాగితాలు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. బండి తాళం ఇందిరాదేవి తెచ్చిపెట్టిన కాఫీ గ్లాసు పక్కనే పెట్టి, చినుకుల్లో ఫ్యాక్టరీ వైపు నడిచి వెళ్ళాడు.