సావ్వా ఇంటి తలుపుకి ఆనించిన కర్ర

చీకటి పడ్డాక సావ్వా ఇంటి ముందునుంచి ఒంటరిగా, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఈల వేసుకుంటూ నడిచిపోగల మొనగాడు తెల్లసముద్రం ఈ ఒడ్డున ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు వెన్యా లదీగిన్. ఈ మాట చెప్పింది కూడా వెన్యా లదీగినే. ఈల సంగతి నిజమే. కాకపోతే ఆ ఈల ఎప్పుడూ అవతలి వీధిలోంచి వినిపించేది.

కోర్గా రేవులో కలప అడితి చివర, పాత ఒడ్డుకి ఆనుకుని ఉంటుంది ఆ ఇల్లు. పదకొండేళ్లుగా ఖాళీ. కిటికీలకి అడ్డపలకలు కొట్టేశారు. చుట్టూ రంపపు పొట్టు గుట్టలు. లోపల ఎక్కడో కుళ్లి కుతకుతలాడుతూ శీతాకాలమంతా ఆవిరి కక్కుతాయి. ఆ ఆవిరిలో ఇల్లు ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనపడదు. అదొక్కటి చాలదూ పేరు చెడడానికి?

కానీ అసలు చెడ్డపేరు సావ్వా మేస్త్రీది. ఓడకెక్కే ప్రతి పలకనీ వేలి కణుపులతో కొట్టి, చెవి పెట్టి వినేవాడట. ఖంగుమంటే ఓడకి. మొద్దుగా మోగితే పొయ్యిలోకి. ఒక అక్టోబరులో ఓడకీ ఒడ్డుకీ మధ్య జారిపడ్డాడు. మనిషి దొరకలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి చప్పుడు వినపడుతుందని మొదలైంది... టక్. టక్. టక్. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆయన చెవి పెట్టి మన ఎముకలు వింటాడట. మొద్దుగా మోగినవాడు వసంతంలో ఏట్లో మంచు విరిగేదాకా బతకడట.

ఇంకో సంగతి. కోర్గాలో ఇళ్లకి తాళాలు లేవు. ఇంట్లో ఎవరూ లేకపోతే బయట తలుపుకి ఒక కర్ర ఆనిస్తారు, అంతే. కర్ర ఉన్న తలుపు ఎవరూ ముట్టుకోరు. ముట్టుకున్నవాడు ఆ పైన ఊళ్లో తలెత్తుకోలేడు. సావ్వా ఇంటికీ కర్ర ఉంది, పదకొండేళ్లుగా. బయట కర్ర ఉందంటే లోపల మనిషి లేడు. మరి మనిషి లేని ఇంట్లో చప్పుడెవరిది?

ఆ రాత్రి ఎనిమిదింటికి వెన్యా ఆ ఇంటి ముందునుంచే పోవాల్సి వచ్చింది. సముద్రం గడ్డ కట్టకముందే ఆఖరి ఓడ నింపుతున్నారు, అవతలి వీధంతా లారీలూ క్రేనులూ. పోకుండా ఉందామా అంటే తను పెళ్లాడాలనుకుంటున్న ఫైనా వాళ్ల అమ్మ రమ్మంది. ఒక్కసారి కూర్చోబెట్టి చూస్తానంది. ఆమె తలూపితే పెళ్లి, ఊపకపోతే లేదు.

ఆమె పేరు అన్ఫీసా ఎగోరోవ్నా. ఓడ నింపే ముఠాకి పెద్ద. ఏటా ఈ ఆఖరి వారంలో క్రేను వాళ్ల మీద అరిచి అరిచి ఆమె గొంతు పోతుంది. ఊరికి అవే ప్రశాంతమైన రోజులు.

వెన్యా చంకలో ఆమెకోసం కొన్న ఉన్ని శాలువా. కాళ్ల కింద పలకల బాట, మంచు పట్టి జర్రుమంటోంది. రెండు పక్కలా మూడు నిలువుల ఎత్తున పలకల దొంతరలు. వాటి మధ్య గాలి మూలుగుతోంది... ఈల వేద్దామనుకున్నాడు. పెదాలు కుదరలేదు.

ఆవిరి విడిపోయింది. ఇల్లు కనిపించింది. తలుపు. తలుపుకి కర్ర.

టక్.

వెన్యా ఆగలేదు. ఆగకూడదని ముందే అనుకున్నాడు.

టక్. టక్.

తర్వాత నిశ్శబ్దం.

అతని మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఖంగుమన్నాయో, మొద్దుగా మోగాయో వినే ఓపిక లేక వెన్యా కాళ్లకి బుద్ధి చెప్పాడు. ఫైనా ఇంటి గుమ్మం దాకా వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

తలుపు తీసిన ఫైనా అతని భుజం మీదుగా చీకట్లోకి చూసింది.

"నువ్వా... అమ్మ కనపడిందా దారిలో?"

"లేదే. ఇంట్లో లేదా?"

"ఆరింటికి వెళ్లింది. చేపల రొట్టె కూడా చల్లారిపోయింది." ఆమె అతని మొహం చూసింది. "ఏంటి అలా ఉన్నావు? సున్నం కొట్టినట్టు?"

"చలి."

"చలికి చెమట పడుతుందా, వెన్యా?"

వెన్యా టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "సావ్వా... కొడుతున్నాడు. మూడుసార్లు."

ఇంకో రోజైతే ఫైనా వారం రోజులు నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. కుర్చీ అంచున కూర్చుంది, మళ్లీ లేచింది.

"ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకు. అమ్మ ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగుల పీపా ఆ ఇంట్లోనే పెడుతుంది. చల్లగా ఉంటుంది, దెయ్యం భయానికి ఎవరూ జోలికి రారు. నీకు పెడదామని గిన్నె తీసుకుని వెళ్లింది."

"దెయ్యాన్ని కాపలా పెట్టుకుందా మీ అమ్మ?"

"నాలుగేళ్లుగా." ఫైనా గొంతు తగ్గించింది. "వెన్యా... తలుపుకి కర్ర ఉందా?"

"ఉంది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. ఉంది."

ఫైనా మొహం పాలిపోయింది. కర్ర ఉందంటే అమ్మ బయటికి వచ్చేసింది, కర్ర ఆనించి ఇంటికి బయల్దేరింది. కానీ ఆరింటికి వెళ్లిన మనిషి ఎనిమిదైనా ఇంటికి రాలేదు. ఆ దారికి ఒక పక్క పలకలు, ఇంకో పక్క నీళ్లు... సావ్వా మేస్త్రీ జారిన నీళ్లే.

ఇద్దరూ లాంతరు పట్టుకుని పరిగెత్తారు. అడితి కాపలాదారు యెరెమేయ్ తాత కూడా కలిశాడు. చేతిలో దుంగల్ని లాగే పొడవాటి కొక్కెం. దాన్ని ఎందుకు తెచ్చాడో ఫైనా అడగలేదు, తాత చెప్పలేదు.

పాత ఒడ్డంతా వెతికారు. నల్లటి నీళ్లలో దుంగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మూలుగుతున్నాయి. ఒకచోట తెల్లగా ఏదో తేలితే ఫైనా లాంతరు అటు చాచింది. తాత కొక్కెంతో లాగాడు. బెరడు ఊడిన దుంగ.

వెతుకుతూ సావ్వా ఇంటి ముందునుంచి రెండుసార్లు అటూ ఇటూ పోయారు.

టక్... టక్...

తాత గుండెల మీద శిలువ గీసుకున్నాడు. "అటు చూడకండి పిల్లలూ. కర్ర ఉంది. లోపల ఉన్నది మనది కాదు."

"నాకు తెలుసు తాతా," అంది ఫైనా, ఏడుపు ఆపుకుంటూ. "నీళ్ల వైపు చూడు."

మూడోసారి వచ్చేసరికి చప్పుడు సన్నబడింది. రెండు దెబ్బలకి మధ్య చాలాసేపు పట్టింది. తర్వాత ఒకటే దెబ్బ. తర్వాత... ఏమీ లేదు.

చప్పుడు వినపడితే భయం వెయ్యాలి. ఆగిపోతే ప్రాణం కుదుటపడాలి. కానీ వెన్యా ఆగిపోయాడు. అలా నిలబడి ఆ కర్ర వంకే చూశాడు. ఏం తట్టిందో గాని, శాలువా ఫైనా చేతిలో పెట్టి తిన్నగా ఆ తలుపు వైపు నడవడం మొదలుపెట్టాడు.

"ఒరే, నీకు మతిపోయిందా?" తాత గుసగుసగా అన్నాడు. "కర్ర ఉన్న తలుపురా అది."

వెన్యా కర్ర పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో, కాలు తలుపుకి తన్నిపెట్టి లాగాడు. కర్ర ఊడొచ్చింది, వెన్యా వెల్లకిలా పడ్డాడు.

తలుపు తనంత తానే మెల్లగా తెరుచుకుంది.

లోపలి చీకట్లోంచి తెల్లగా, పొడుగ్గా ఒక ఆకారం... నేల దాకా జీరాడుతోంది... తల లేదు. ఒక చేత్తో రాయి పట్టుకుంది. రెండో చేత్తో గిన్నె.

యెరెమేయ్ తాత కొక్కెం వదిలేసి, అరవయ్యేడేళ్ల వయసులో, పొట్టు గుట్ట ఎక్కేశాడు.

ఆకారం ముందుకి తూలింది. మీదనుంచి పాత తెరచాప గుడ్డ జారింది. దాని కింద మంచు కట్టిన కనుబొమలు, నీలం పెదాలు. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. ఒట్టి గాలి.

"అమ్మా..." ఫైనా లాంతరు కింద పెట్టేసింది.

శాలువా చుట్టారు, చేతులు రుద్దారు, పొట్టు గుట్ట దగ్గర వెచ్చని చోట కూర్చోబెట్టారు. తాత కిందికి దిగి, కాపలా గదిలోంచి వేడి టీ తెచ్చాడు. రెండు గుక్కలు దిగాక అన్ఫీసా ఎగోరోవ్నా చెయ్యి ఊపి ఫైనా చెవి దగ్గరికి పిలిచింది. పిల్లిగొంతుతో మొదటిమాట అంది.

"పుట్టగొడుగులు ఒలికాయా?"

"లేదమ్మా. నువ్వెందుకు లోపలుండిపోయావు?"

"తలుపు రాలేదే. గొంతు లేదు అరవడానికి. పీపా మీద బరువు పెట్టే రాయితో కొట్టాను, చేతులు పడిపోయేదాకా. పలకల సందులోంచి మీ లాంతరు చూశాను. అటు పోయారు. ఇటు పోయారు. శిలువలు గీసుకుంటూ పోయారు." ఆమె తాత వైపు చూసింది. "ఏం యెరెమేయ్, నా చావు చలికా, నీ భక్తికా?"

"కర్ర ఉందమ్మా తలుపుకి," అన్నాడు తాత నేల చూపులు చూస్తూ. "కర్ర ఉంటే..."

"ఉంటే ఎవరూ లేనట్టే. నేనైనా అలాగే పోయేదాన్ని," అంది ఆమె. అదే ఆమెని ఎక్కువ ఒణికించినట్టుంది. శాలువా దగ్గరికి లాక్కుంది. తర్వాత వెన్యా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం తీశావు. ఊరి మర్యాద కూడా పక్కన పెట్టి. ఎలా తోచింది నీకు?"

వెన్యా ఆ కర్ర వంక చూశాడు. ఫైనా అతని చెయ్యి పట్టుకుని ఉంది, అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఏదో... తోచింది," అన్నాడు.

అన్ఫీసా ఎగోరోవ్నా తలూపింది. పెళ్లి ఆ శీతాకాలమే అయింది.

కోర్గాలో ఈ కథ ఇంతవరకే చెప్తారు. దెయ్యానికి ఎదురెళ్లిన అల్లుడని వెన్యాకి పేరు. కొత్తగా అడితిలో చేరినవాడెవడైనా బీరాలు పలికితే, పోయి వెన్యాని చూసి నేర్చుకోమనేవాళ్లు. వెన్యా వింటూ ఉండేవాడు, వద్దనేవాడు కాదు. రాత్రిళ్లు మాత్రం సరిగ్గా నిద్రపట్టేది కాదట. లేచి అటూ ఇటూ తిరిగేవాడట. తలకెక్కువ పని పెడుతున్నాడనుకునేది ఫైనా.

ఇరవై రెండేళ్లు గడిచాయి. అత్తగారి డెబ్భయ్యో పుట్టినరోజున బల్ల చుట్టూ ఇరవైమంది. ఆమే లేచి నిలబడి, గ్లాసు ఎత్తి, నా ప్రాణం నిలబెట్టిన అల్లుడు అంటూ ఆ కథ మొదలుపెట్టింది. ఈసారి గొంతు పూర్తిగా ఉంది. సగంలో వెన్యా లేచాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"అత్తయ్యా, కూర్చోండి. ఇక నావల్ల కాదు."

"ఏం నాయనా, ఒంట్లో బాలేదా?"

"ఆ సాయంత్రం ఆరు దాటాక నేను ఆవిరి స్నానానికి ఆ దారినే వెళ్లాను. కర్ర కింద పడి ఉంది. లోపల దగ్గు వినిపించింది." వెన్యా తన పళ్లెంలోని పుట్టగొడుగులతో చెప్తున్నట్టు చెప్పాడు. "సావ్వా బయటికొచ్చేస్తాడనుకున్నాను. కర్ర తీసి తలుపుపిడి కింద ఇరికించి, రెండో కొసని బాట పలకల సందులోకి మడమతో నాలుగుసార్లు తన్ని మరీ దిగేశాను. ఆ తర్వాత స్నానం కూడా చెయ్యలేదు. అడితి పనివాళ్ల హాస్టల్లో మంచం కింద దూరి, ఏడున్నర దాకా అక్కడే ఉన్నాను."