ఒకే రింగుకి రెండు తాళాలు

ఆదివారం పొద్దున కింద వాకిట్లో తమ్ముడు సెల్ఫ్ నొక్కుతున్న చప్పుడు వింటుంటే అక్కకి చేతిలోని కాఫీ మరింత రుచిగా అనిపించింది. ఇంజిన్ గిరగిరా తిరుగుతోందే తప్ప అందుకోవడం లేదు. పదిసార్లు నొక్కాడు, పన్నెండుసార్లు నొక్కాడు. ఆమె తీరిగ్గా కప్పు కడుక్కుంది.

అది నాన్న బండి. ఆయన పోయాక మెకానిక్ షెడ్డూ బండీ రెండూ తమ్ముడి చేతికి వెళ్లాయి. అంతకుముందు తొమ్మిదేళ్లు నాన్న పక్కన నిలబడి గ్రీజులో మునిగింది మాత్రం ఆమె. ఒకరోజు షెడ్డు నిండా జనం ఉండగా, "మా అక్కకి బండి తుడవడం వచ్చు, బాగుచెయ్యడం నా పని" అన్నాడు వాడు. పక్కింటి టైలరుతో సహా అందరూ నవ్వారు. ఆ రోజే చేతులు కడుక్కుని మేడెక్కిన మనిషి మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. మూడేళ్లుగా బ్యాటరీల కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటోంది. ఆ మాట మాత్రం ముల్లులా దిగిపోయి అలాగే ఉంది.

"ఒకసారి కిందకి రావే, వాడు తంటాలు పడుతున్నాడు" అని అమ్మ పిలిచింది.

దిగి వెళ్లింది. వాడు అప్పటికే ప్లగ్గు మార్చాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు. మీటరులో తాళం బొమ్మ ఎర్రగా మినుకుమంటోంది. ఒక్క చూపు చాలింది ఆమెకి. ఈ బండికి తాళంలో చిప్పు ఉంటుంది, దాన్ని గుర్తుపడితేనే ఇంజిన్ అందుకుంటుంది. ఇవాళ రింగుకి ఒకటి కాదు, రెండు తాళాలు వేలాడుతున్నాయి. రెండు చిప్పులు పక్కపక్కన చేరితే బండి తికమకపడి, ఎవడో దొంగ వచ్చాడనుకుని మొరాయిస్తుంది. రింగు విడదీస్తే అర నిమిషం పని.

"వైరింగ్ అంతా చూడాలి, సీటు విప్పు" అంది.

విప్పాడు.

"పక్క ప్యానెళ్లు కూడా. హెడ్‌లైటు కూడా."

"తాళం దగ్గరే ఏదో ఉందేమో అక్కా. ఈ చిప్పుల సంగతి నాకు తెలీదు."

"తెలీనప్పుడు చెప్పింది చెయ్యి."

అమ్మ తెచ్చిన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఎండెక్కింది. వాడి వేలు గీరుకుని రక్తం వస్తే పాత గుడ్డ చుట్టుకుని మళ్లీ వంగాడు. గోడ మీద నుంచి టైలరు తొంగిచూస్తే, రావయ్యా, నీదే ఆలస్యం అనుకుంది మనసులో. ఇంత హాయైన ఆదివారం ఆమెకి ఈ మధ్య దొరకలేదు.

గంటన్నరకి బండి అస్థిపంజరంలా మిగిలింది. ఎర్రదీపం ఇంకా మినుకుమంటూనే ఉంది.

"బాగుచేస్తాను" అంది నెమ్మదిగా. "ముందు ఆ రోజు షెడ్డులో అన్న మాట ఈ టైలరుగారి ముందు వెనక్కి తీసుకో."

"ఏంటే ఇది, పసిపిల్లల్లా" అంది అమ్మ.

"నువ్వు ఆగమ్మా. మూడేళ్లు ఆగాను నేను."

తమ్ముడు చేతులు తుడుచుకుని టైలరు వైపు తిరిగాడు. "మాస్టారూ, ఆ రోజు నేనన్నది అబద్ధం. షెడ్డుకి పేరొచ్చింది అక్క చేతి వల్ల. అక్క వెళ్లాక చిప్పు తాళాల బండి వస్తే వెనక్కి పంపేస్తున్నాను. నాకు రాదు."

నసుగుతాడనీ, పోట్లాడతాడనీ, తను ఇంకో నాలుగు అంటించవచ్చనీ అనుకుంది. వాడు ఎప్పుడో నేర్చుకున్న పాఠంలా చెప్పేశాడు. ఆమెకి ఏదో వెలితిగా అనిపించింది. విసురుగా రింగు లాగి, ఒక తాళం తీసి అమ్మ చేతిలో పెట్టి, రెండోది పెట్టి తిప్పింది. ఎర్రదీపం ఆరింది. సెల్ఫ్ నొక్కగానే ఇంజిన్ అందుకుంది.

తమ్ముడు బండి వంకా, విప్పి పరిచిన సామాను వంకా చూశాడు. "ఇంతేనా అక్కా?"

"ఇంతే. రెండు తాళాలూ ఒకే రింగుకి ఎవరు తగిలించమన్నారు నిన్ను?"

"డెలివరీ ఇచ్చేటప్పుడు రెండూ కలిపే ఇస్తాం కదా."

"ఎవరికి డెలివరీ?"

వాడు అమ్మ వంక చూశాడు. అమ్మ తన చేతిలోని తాళం ముందుకు చాపింది. దానికో కొత్త రేకు బిళ్ల ఉంది. బిళ్ల మీద మేకుతో గీకిన వంకర అక్షరాలు: స్పానర్. నాన్న ఆమెని పిలిచే పేరు.

"ఒకసారి స్టార్ట్ చేసి చూసుకుని పైకి తెచ్చిద్దామనుకున్నాడే" అంది అమ్మ. "షెడ్డుకి రమ్మని నోటితో అడగలేక, బండి ఇస్తే అర్థం చేసుకుంటుందన్నాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

ఏ బండి వచ్చినా స్పానర్ పట్టుకునే ముందు నాన్న అడిగే ప్రశ్న ఒక్కటే. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? తొమ్మిదేళ్లు రోజూ విన్నది. ఇవాళ కళ్లెదుట రెండో తాళం కనిపిస్తున్నా అది ఎందుకు వచ్చిందని అడగలేదు. గుడ్డ చుట్టిన వాడి వేలు చూస్తుంటే సిగ్గుతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దిగిన దగ్గర్నుంచీ నాకు తెలుసురా" అంది. "కావాలనే విప్పించాను."

"రెండో ప్యానెల్ విప్పేటప్పుడే అనుమానమొచ్చింది."

"మరి ఎందుకు విప్పావ్?"

"విప్పాలనిపించింది" అన్నాడు వాడు.

ఆమె కన్నీళ్లు తుడుచుకోకుండానే కింద కూర్చుంది. వాడి చేతిలోంచి స్పానర్ తీసుకుని, "నువ్వు హెడ్‌లైటు పట్టుకో, నేను బిగిస్తాను" అంది.