రేకు పలికింది

మా బావంటే నాకు మొదట్నుంచీ లెక్కలేదు. పైకి అనను, అనే నోరు నాకు లేదు. అక్కని చేసుకున్నోడు కదా అని తల దించుకుని ఉంటాను.

ఆ మధ్యాహ్నం పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొంటానని నన్నూ అక్కనీ వెంటేసుకుని పోయాడు. నాది టింకరింగ్ పని. మంచి మెకానిక్‌ని పిలిస్తే కూలి ఇవ్వాలి, నేనైతే ఊరికే వస్తాను. అదీ మా బావ తెలివి.

ఊరి చివర రేకుల షెడ్డు. కిటికీల్లేవు. లోపల తడి ఇనుము వాసన, పాడుబడ్డ బావిలోకి వంగినట్టు చల్లదనం. మధ్యలో ఎర్ర కారు, రెండే సీట్లు. అమ్మేవాడు పసుపు గుడ్డతో దాన్ని తుడుస్తూనే ఉన్నాడు, దుమ్ము లేకపోయినా. మనిషీ కారులాగే, పైన పటారం లోన లొటారం. ఎక్కడ కొట్టినా రేకు పలుకుతుందని బావకి చెప్తున్నాడు. బావ కారు అద్దంలో తన మీసం చూసుకుంటూ తలూపుతున్నాడు.

మా పనిలో పలకడమంటే ఖంగుమనడం. కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తారే, అలాగ. ఖంగుమంటే గట్టి రేకు. దబ్బుమంటే లోపలంతా తుప్పు, పైన లప్పం పెట్టి రంగేశారని.

"ఒరేయ్ మూగెద్దూ, దూరు," అన్నాడు బావ.

కారు కిందికి దూరాను. అయస్కాంతం పెడితే అంటుకోలేదు, జారి నా మొహం మీద పడింది. అంతా లప్పమే. స్క్రూడ్రైవరు పొడిస్తే తడిసిన అట్టలోకి పోయినట్టు పోయింది. నవ్వొచ్చింది నాకు. ఇంత కుళ్ళుని వాడు తుడుస్తున్నాడు, వీడు అందులో మీసం చూసుకుంటున్నాడు. అక్క దీన్లో కూర్చుంటే కాళ్ళు రోడ్డుకి ఆనతాయి. ఈసారైనా నోరు తెరిచి, వద్దని చెప్పాలనుకున్నాను.

ఆఖరున డోరు కింద వేలితో కొట్టాను. దబ్. కొట్టేటప్పుడు "పలుకు" అనడం మా మేస్త్రీ నేర్పిన అలవాటు. అన్నాను.

"ఆఁ..."

రేకు లోపల్నుంచి. పిలిస్తే పలికినట్టు... నిద్ర గొంతు.

తుప్పు వాసన ఎక్కువైంది... నాలుక మీద రక్తం రుచి. నేను మళ్ళీ కొట్టలేదు. దాన్ని ఏమీ అడగలేదు...

"అక్కని ఎక్కనీ," అంది అది, గుసగుసగా.

వీపు గీరుకుపోతున్నా బయటికి పాకాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఏమైందని బావ అడిగాడు.

"ప... పలికింది బావా."

అనేశాక తెలిసింది, ఏమన్నానో.

బావ తొడ చరుచుకుని నవ్వాడు. మావాడు ఏడాదికో మాట మాట్లాడతాడు, అదీ మంచి మాటేనన్నాడు. అమ్మేవాడి మొహం మాత్రం పాలిపోయింది. ఆ కార్లో పలికే రేకు ఒక్కటీ లేదని వాడికి తెలుసు. తెలిసే బావతో చెయ్యి కలిపాడు. అదీ వాడి బతుకు.

బావ అప్పటికే అక్కని ఎక్కించేశాడు.

"అక్కా, దిగు."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అక్క ఎప్పుడూ నా మాట కాదనదు. దిగింది. బావ నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, ఒక్కడే నడుపుకుంటూ పోయాడు. ఆయనకేం కాలేదు. ఇప్పటికీ వీధిలో హారన్ కొట్టుకుంటూ తిరుగుతున్నాడు. అలాంటోళ్ళకి ఏమీ కాదు.

అక్కకే, మోచేతి లోపలివైపు తుప్పురంగు మచ్చ వచ్చింది. పెసరగింజంత. ఆ కార్లో కూర్చుంది ఎంతసేపని, నాలుగు నిమిషాలు కూడా లేదు. వారానికి చొక్కా గుండీ అంతయింది.

నిన్న నా పక్కన కూర్చుని దాన్ని గోటితో గీకింది. పొట్టు రాలింది. రక్తం రాలేదు. నొప్పేం లేదురా, చూడు, అని చూపుడు వేలు అక్కడ పెట్టింది.

వేలు లోపలికి పోయింది... రెండు కణుపుల దాకా.

అక్క నవ్వుతూనే ఉంది.