కత్తి ఆగిన చోట

శనివారం ఉదయం. వంటింటి కిటికీకి కట్టిన పల్చటి తెర గాలికి ఉబ్బి, మళ్లీ నిదానంగా సర్దుకుంటోంది. మరుగుతున్న గిన్నె మీది ఆవిరి ఎండలోకి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడక్కడే తిరుగుతోంది. పాస్టరమ్మ చెక్క మీద బీన్స్ తరుగుతూ, తనకు తెలియకుండానే ఎదురుగా ఉన్న ఖాళీ స్టూలు వైపు చూసింది.

పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. శనివారం పొద్దున్న పాస్టరుగారు ఆ స్టూలు మీద కూర్చుని, మర్నాటి ప్రసంగం ముందు ఆమెకు వినిపించేవారు. ఆమె బాగుందనీ అనేది కాదు, బాగోలేదనీ అనేది కాదు. కూరలు తరుగుతూనే ఉండేది. కత్తి టకటకా సాగిపోతుంటే ఆయన ఆ మాట కొట్టేసేవారు. కత్తి ఆగిందంటే ఉంచేవారు. ఆరాధన అయ్యాక ఎవరైనా వచ్చి, "ఈవేళ ఫలానా మాట గుండెకు తగిలిందండీ" అంటే, ఆయన ముందు వరసలో కూర్చున్న ఆమె వైపు చూసి నవ్వేవారు. ఆ నవ్వు ఎందుకో వాళ్లిద్దరికే తెలుసు.

ఇప్పుడు ఆ మాటలన్నీ ముందుగదిలో తలుపు వేసుకుని ట్యాబ్‌కు చెబుతున్నారు.

అమ్మాయిని అనడానికీ లేదు. ఆఫీసులో అందరి పనులూ ఒక దారిలో పెట్టే ఉద్యోగం దానిది. పుస్తకాల మీద తల వాల్చి నిద్రపోతున్న తండ్రిని చూసి జాలిపడి ట్యాబ్ కొనిచ్చింది. "మీ పాత ప్రసంగాలన్నీ ఇందులో పెట్టాను నాన్నా, ఏ మాట కావాలన్నా ఇట్టే దొరుకుతుంది. మీరు మాట్లాడితే చాలు, అదే రాసుకుంటుంది. రోజంతా గడులుగా పంచాను: చదువుకి నీలం గడి, సంఘంవాళ్ల ఇళ్లకు వెళ్లి రావడానికి ఆకుపచ్చ గడి. టైమైతే అదే గంట కొడుతుంది," అని అన్నీ అమర్చి పెట్టింది. ఉన్నమాట చెప్పాలంటే మేలే జరిగింది. పాస్టరుగారి కళ్ల కింద నలుపు తగ్గింది. స్టూలు మీద మాత్రం దుమ్ము చేరింది.

ముందుగదిలో గంట మోగింది. తలుపు తెరుచుకుంది. పాస్టరుగారు వచ్చి, తిన్నగా స్టూలు మీద కూర్చున్నారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చప్పుడు కాకుండా పొయ్యి మంట తగ్గించింది.

"ఊఁ, చెప్పు," అన్నారాయన.

"నేనేం చెప్పను? మీరు చెప్పాలి కదా."

"ప్రసంగం కాదు. ఇది నీ టైము." ట్యాబ్ ఆమె వైపు తిప్పారు. గులాబీరంగు గడిలో 'అమ్మతో మాటలు' అని ఉంది. "అమ్మాయే పెట్టింది, పనిలో పడి మర్చిపోతానని."

ఆమె ఆ గడిని కాసేపు చూసింది. "అయితే గంట కొడితే గాని గుర్తురాని మనిషినైపోయానన్నమాట."

"అదేం మాట? నీ మీద శ్రద్ధ ఉండబట్టే కదా."

"ఎప్పటిదాకా ఉంది నా టైము?"

ఆయన అటు చూడకుండా ఉండాల్సింది. కళ్లు వాటంతట అవే ట్యాబ్ మీదికి వెళ్లాయి.

కత్తి ఆగింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ ఆగడం చూసి పాస్టరుగారికి భయం వేసింది.

"రేపు ఆరాధన అయ్యాక మా చెల్లి ఇంటికి వెళ్తాను," అందామె. గొంతు పెంచలేదు. "ఎప్పుడొస్తానో చెప్పలేను. నా పని తరగడం ఒక్కటే అయితే, అది అక్కడా చేసుకోవచ్చు."

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మా, నేను మీ ఇద్దరి కోసమే..."

"నిన్ను అనడం లేదు తల్లీ. నువ్వు మంచికే ఇచ్చావు. దాన్ని నా చోట కూర్చోబెట్టింది మీ నాన్న."

"నీకు శ్రమ తగ్గుతుందనుకున్నాను," అన్నారు పాస్టరుగారు. "ప్రతి శనివారం నా గోల వినక్కర్లేదని."

"గోల అని నేనన్నానా? నన్ను అడిగారా?"

పాస్టరుగారు ట్యాబ్ తీసుకుని లేచారు. గదిలోకి వెళ్లి, బొంగురుపోయిన గొంతుతోనే మిగతా ప్రసంగం ట్యాబ్‌కు చెప్పేశారు. మంచి కాపరిని గురించి. చివర్లో ఒకసారి చదువుకోమని అమ్మాయి ఎప్పుడూ చెప్పేదే. ఆ రోజు ఆయనకు మనసు రాలేదు.

ఆదివారం ఎండ రంగుటద్దాల్లోంచి దిగి, బల్లల మీద నీలంగా, ఎర్రగా నెమ్మదిగా జరుగుతోంది. ముందు వరసలో పాస్టరమ్మ, ఆమె కాళ్ల దగ్గర సర్దిన సంచి. వేదిక మీదికి వెళ్లేటప్పుడు పాస్టరుగారు ఆ సంచిని చూశారు. ఆ తర్వాత చేసిందంతా కలలో చేసినట్టే ఉంది. ట్యాబ్ మీద ఏం కనిపిస్తే అది చదివేశారు.

"మంచి కాపురానికి కర్ర ఒక్కటే చాలదు."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరస వెంట వరస ముందుకు వచ్చేసింది. పాస్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం ఆయనకు కనిపించింది.

"కాపరికి... కాపరికి కర్ర చాలదు," అని తడబడి సర్దుకుని, కింది వాక్యంలోకి దిగారు. "కాపురానికి చెవి ముఖ్యం. ఎంత చిన్న మూలుగైనా వినబడాలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు ఆ వాక్యాన్ని మనసులోనే మళ్లీ చదువుకున్నారు. ముందు వరసలో ఆమె చెయ్యి నోటి మీది నుంచి కళ్ల మీదికి వెళ్లింది.

"నేను కాపరి అంటే ఇది కాపురం అని రాసుకుంది," అన్నారాయన చివరికి. "ఇలాంటి తప్పులు పట్టుకునే మనిషి మా ఇంట్లో ఉంది. శనివారం ఆమె వింటే గాని ఆదివారం నేను ఈ వేదిక ఎక్కేవాణ్ని కాదు. ఈమధ్య ఆమెకు వినిపించడం మానేశాను. ఆమె వినడం వల్లే నా మాటకు ప్రాణం వస్తోందని ఎన్నడూ చెప్పలేదు. యంత్రం చిన్న తప్పు చేసింది. పెద్దది నాది."

ట్యాబ్ మూసేసి, నోటికి వచ్చిన నాలుగు మాటలు చెప్పి ముగించారు.

జనం వెళ్లిపోయాక ఆయన వచ్చి సంచి అందుకున్నారు. "బస్సు దాకా రానా?"

"మా చెల్లికి ఫోన్ చెయ్యండి," అందామె, చెంపలు తుడుచుకుంటూ. "నేను రావడం లేదని చెప్పండి. మళ్లీ దానికో గంట మోగేదాకా ఆగకండి."

మళ్లీ శనివారం వచ్చింది. తెర ఉబ్బుతోంది, ఆవిరి తిరుగుతోంది. కిటికీ గట్టు మీద మాటలు రాసుకుంటున్న ట్యాబ్, తుడిచిన స్టూలు మీద పాస్టరుగారు. గులాబీరంగు గడిని అమ్మాయి తీసేసింది.

ఆయన ఒక మాట చెప్పారు. కత్తి టకటకా సాగిపోయింది. ఆయన నిట్టూర్చి దాన్ని చెరిపేశారు. ఇంకొకటి చెప్పారు. అదీ పోయింది. కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నారు: "వినే మనిషి పక్కనే ఉందని తెలిస్తే చాలు, మనిషికి మాట దానంతటదే వస్తుంది."

కత్తి ఆగింది.

"ఉంచనా?"

"ఉంచండి," అందామె తల ఎత్తకుండా. "ముందు పైకి చదివి వినిపించండి. అదేం రాసుకుందో ఏమో."