తలుపు మీద నాలుగు గీతలు

వరద నీళ్లు ఆ ఇంటి మూడో మెట్టు దాకా వచ్చి ఆగిన ఏడాది అది. చెమ్మకు ఉబ్బిన తలుపులు బాగుచేయడానికి నన్ను పెట్టుకున్నారు. నేను వడ్రంగిని.

సముద్రానికి అరమైలు దూరంలో, పొలాల మధ్య, రెండువందల ఏళ్లనాటి రైతు ఇల్లు. సెలవులకు అద్దెకిచ్చేవారు. కుక్కల్ని కూడా తెచ్చుకోవచ్చని గేటుకు బోర్డు. ఒక కుటుంబం వెళ్లగానే, కుక్క గీరిన చోటల్లా చిత్రిక పట్టడం నా పని.

ఆ వేసవిలో ఒక మాస్టారు భార్యతో, కూతురితో వచ్చారు. వెంట ఒక ముసలి కుక్క. దాన్ని తాతగారు అని పిలిచేవారు. దిగీ దిగగానే తాతగారు వీధి తలుపును బరబరా గీరారు.

"రెండువందల ఏళ్ల తలుపండీ అది!" అన్నాను.

"మా తాతగారికి పద్నాలుగు. కుక్కల లెక్కలో ఆయనకీ వందేళ్లు. కాస్త మర్యాద!" అంది కూతురు.

నాకు నవ్వొచ్చింది. దాచుకున్నాను. ఆమె చూడనే చూసింది.

పది రోజులున్నారు. పొద్దున్నే తాతగారు తలుపు గీరేవారు, నేను తెరిచేవాణ్ణి, ఆమెతో కలిసి ముగ్గురం సముద్రం ఒడ్డుకు నడిచేవాళ్లం. ఇసుకలో ఆయన కాళ్లు ఆడకపోతే ఎత్తుకునేవాణ్ణి. మూడో రోజుకి ఆమె నన్ను 'నువ్వు' అంది.

ఒకరోజు వాన పట్టుకుంది. బోర్లించిన పడవ కింద దూరాం.

"రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతావు నువ్వు?"

"అవసరమైనన్ని."

"ఇవాళ్టి కోటా అయిపోయిందా?"

"ఒకటి మిగిలింది."

"చెప్పు మరి."

చెప్పలేకపోయాను. వాన వెలిసింది.

వెళ్లే రోజు ఆమె తలుపు దగ్గర కూర్చుని తాతగారి నాలుగు గీతల మీద వేలు పెట్టింది.

"వచ్చే వేసవికి తాతగారు ఉండరు. నేను వస్తాను. వీటిని చెరపకు. ఉంటే మిగిలిన ఆ మాట నువ్వు చెప్పినట్టే. మన సంగతి నాన్నతో నేను మాట్లాడతాను."

పదకొండు నెలలు కాపాడాను. వేరే కుక్కల గీతలన్నీ తీసి, ఆ నాలుగూ వదిలేవాణ్ణి.

మాస్టారు వాళ్లు రావడానికి తొమ్మిది రోజుల ముందు యజమాని వచ్చి ఆ గీతలు చూశాడు.

"ఇవేంటయ్యా? చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

ఎందుకుంచానో చెప్పకుండా చిత్రిక తీసి ఆ నాలుగూ చెరిపేశాను.

ఆమె వచ్చింది. చేతిలో తాతగారి మెడపట్టీ. లోపలికి రాకుండా తలుపును అరచేత్తో కింది నుంచి పైదాకా తడిమింది.

"బాగా నునుపు చేశారండీ."

"యజమాని..." అన్నాను.

"సరేలెండి," అంది.

తాతగారు లేని ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదని ఆ సాయంత్రమే వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఉలి పట్టుకుని తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. వాటి చోటు నా చేతికి తెలుసు. నాలుగు గీతలు. చివరిది పొట్టిది. అలాగే చెక్కాను.

యజమాని వచ్చి, ఎవరి పని ఇది అని అరిచాడు.

"తాతగారిదండీ," అన్నాను. చిత్రిక యజమాని చేతిలో పెట్టి మెట్లు దిగాను.