నేను తెరవని తలుపు

నేను ఇంతవరకూ ఏమీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేసినాను. నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పడతాయి నాకు. నోటితో చెప్పలేను కాబట్టి రాస్తా ఉండాను. తప్పులుంటే ఏమీ అనుకోవద్దండి.

నా పేరు అక్కయమ్మ. పుట్టింది క్యాసంబళ్ళి, ఇచ్చింది ఆండర్సన్‌పేటకు. ఇంటికి దగ్గరలోనే పాత రేకుల షెడ్డులో బట్టల ఫ్యాక్టరీ ఉండాది. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించేది నా పని. మొత్తం నలభై ఒక్క మంది ఆడోళ్ళం. నా జాగా వెనక తలుపు పక్కన. ఆ తలుపుకు బయట ఎప్పుడూ తాళమే. గుడ్డ దొంగతనంగా పోతుందని ఓనరుకు భయం. తాళంచెవి ఆయన ఇంట్లోనే ఉంటుంది.

పోయిన కార్తీకంలో నిప్పు జాగ్రత్తల గురించి సర్కారు నోటీసు వచ్చింది. నిప్పంటుకుంటే ఎవరు ఏ దారిన పోవాలో గోడకు పటం అంటించినారు. అందులో మా వెనక తలుపుకు పచ్చ బాణం. వాచ్‌మన్ నంజుండప్ప తాత ముందర బంగారు గనిలో పని చేసినోడు. ఆయన గేటు దగ్గర చెక్కకు మేకులు కొట్టి, నంబర్లేసిన రేకు బిళ్ళలు తగిలించినాడు. గనిలోకి దిగేవాళ్ళకు ఇట్లాగే ఉండేవంట. లోపలికి పోయేటప్పుడు బిళ్ళ తీసుకోవాల, బయటికొస్తే తగిలించాల. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంగా లోపలే ఉన్నట్టు.

సూపర్‌వైజర్ పురుషోత్తమ్ నా చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చినాడు.

"అక్కయమ్మా, వెనక తలుపు నీ జవాబుదారీ. తెరిచి చూసినాను అని రోజూ సంతకం పెట్టు. అలారం మోగితే అందరూ పోయినాక లోపలంతా చూసి, కడాకు నువ్వు రావాల."

"తాళం ఉండాది కద సార్..."

"సంతకానికి తాళంచెవి కావాల్నా? పెట్టమ్మా."

పక్క మిషన్ మీద కుట్టే మాల కిసుక్కుమనింది. "పెట్టక్కా. నీ కోడిగీతలు చూసి నిప్పే పారిపోతాది."

కటింగ్ మిషన్‌లో పడి మాల కుడిచేతి చూపుడువేలు సగమే మిగిలింది. ఆ సగం వేలు ఆడిస్తానే నన్ను ఎగతాళి చేస్తాది.

నెల రోజులు సంతకం పెట్టినాను. ఒక్క రోజూ తలుపు తెరవలేదు.

రేపు సర్కారు ఆఫీసర్ తనిఖీకి వస్తాడనగా, ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు ఉత్తుత్తి అలారం మోగించినారు. జడివాన. కరెంటు కూడా మెయిన్‌లో ఆపేసినారు. అందరూ నవ్వుకుంటా, తోసుకుంటా ముందు తలుపు నుంచి బయటికి పోయినారు. నేను ఒక్కదాన్నే మిగిలినాను. మిషన్ల కిందా, గుడ్డ మూటల వెనకా చూసుకుంటా వెనక్కి పోయినాను. తడి గుడ్డ వాసన, మిషన్ నూనె వాసన. రేకుల మీద వాన చప్పుడు.

ఉన్నట్టుండి వాన చప్పుడు నిలిచిపోయింది.

వాసన మారింది. కాలిన గుడ్డ... దాని వెనకే, కాలిన వెంట్రుకలు.

తప్... తప్...

వెనక తలుపును ఎవరో అరచేత్తో కొడతా ఉండారు. బయటినుంచి కాదు. లోపలినుంచే. నాకు నాలుగు అడుగుల దూరంలో.

"అక్కా... తాళంచెవి యాడ?"

మాల గొంతు.

"ఏమే, నువ్వింగా పోలేదా? ఆటలొద్దు, రా."

"తలుపు రావడం లేదక్కా... రోజూ తెరిచినావు కదా... రాసినావు కదా..."

చేయి చాపినాను. ఎవరూ తగల్లేదు. గాలి మాత్రం పొయ్యి ముందర ఉన్నట్టు ఉండాది. తప్... తప్ తప్... ఒక చెయ్యి కాదు. గాజుల చప్పుడు. పది చేతులు... ఇంగా ఎక్కువ. మెల్లగా కిందికి జారతా, నేల దాకా...

ఎట్లా పరిగెత్తినానో తెలీదు.

బయట వాన పడతానే ఉండాది. రేకు పంచ కింద మాల శెనక్కాయలు తింటా నిలబడింది.

"ఏమక్కా, నిజంగానే నిప్పు చూసినట్టు వచ్చినావు?"

చెక్క వైపు చూసినాను. మాల బిళ్ళ మేకుకే ఉండాది. నంజుండప్ప తాత లెక్క పెట్టి, "నలభై వచ్చినాయి. నీదొకటే రావాల" అన్నాడు.

"తాతా..." గుసగుసగా అడిగినాను. "ఈ షెడ్డులో ముందర ఎవరన్నా కాలి చచ్చిపోయినారా?"

ఆయన నా చేతిలో బిళ్ళ తీసుకొని తానే తగిలించినాడు.

"ఇంగా ఎవరూ చావలేదమ్మా."

ఆ రాత్రి కన్ను మూయలేదు. పొద్దున పది గంటలకు ఆఫీసర్ సారు వచ్చినాడు. వెనక తలుపు ఎవరిదని అడిగినాడు. పురుషోత్తమ్ నాకు కన్నుసైగ చేసి, "రోజూ తెరుస్తా ఉంటుంది సార్, సంతకాలున్నాయి చూడండి" అన్నాడు.

నోటుబుక్కు సారు చేతిలో పెట్టినాను.

"అబద్ధం సార్. అన్ని సంతకాలూ అబద్ధం. ఒక్క రోజూ తెరవలేదు."

"నీకు ఇంగ పని వద్దా?" పురుషోత్తమ్ పళ్ళు కొరికినాడు.

"వద్దంటే పోతాను. ముందు తలుపు తియ్యండి."

సారు అందరినీ బయటికి పంపించినాడు. బిళ్ళలు తగిలించి, వెనక వాకిట్లో నిలబడినాము. తాళం కోసినారు. తలుపు బయటికి తెరుచుకుంది. పొద్దున్నుంచీ భయంతో నేను చూడని దాని లోపలి ముఖం మీద ఎండ పడింది.

అంతా మసి చేతుల గుర్తులు. ఎద ఎత్తు నుంచి నేల దాకా.

"ఎవరమ్మా ఇది? ఇక్కడ మసి యాడిది?" అన్నాడు సారు.

ఒక గుర్తులో చూపుడువేలు సగమే ఉండాది. మాల కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. ఆ రోజు అది నన్ను ఎగతాళి చెయ్యలేదు.

తలుపు తెరిచే ఉంచాలని, కొత్త దారిలో అలారం మళ్ళీ మోగించి చూడాలని సారు అన్నాడు. అందరినీ లోపలికి పొమ్మన్నాడు. గేటు దగ్గర వరసలో నిలబడి బిళ్ళలు తీసుకున్నాము. చలిగాలికి బిళ్ళలు చల్లగా ఉండాయని ముందున్నవాళ్ళు చేతులు రుద్దుకున్నారు.

నా బిళ్ళ కాలతా ఉండాది. అంచు నల్లగా మారింది.

అందరూ బయటపడినాక కడాకు రావాల్సింది నేనే కదా, ఎవరికీ చెప్పలేదు. కొంగున ముడేసుకొని లోపలికి పోయి, తెరిచిన తలుపు పక్కన నా జాగాలో కూచున్నాను.